మూడో పేరు లేని సీసా

మొన్న బోధన్ చేపల బజారులో ఒక బుట్ట దగ్గర ఫార్మలిన్ వాసన గుప్పుమంది. దాంతోపాటే సరోజిని మేడం మీది పాత కోపమూ లేచింది.

ఆమె కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. నేను ఆ ల్యాబులో రోజుకూలీ అటెండర్‌ని. నలభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది ఆమే. అందరూ అమ్మ, ఆవు అని మొదలుపెడతారు. నాకు మాత్రం సీసాల మీది పేర్లు! ఫార్మలిన్ పోసి కుళ్లకుండా దాచిన మూడు సీసాల్లో మూడు సాలమాండర్లు. చూడటానికి బల్లులు, చుట్టరికం కప్పలతో. నల్లటి ఒంటి మీద ఒకదానికి చుక్కలు, ఒకదానికి చారలు. చుక్కలదాని పేరు నాతో రాయించింది: సలమాండ్ర సలమాండ్ర సలమాండ్ర.

"ఒక్కటే పేరు మూడుసార్లెందుకు మేడం? నా చెయ్యి పుణ్యానికి దొరికిందా?"

"మొదటి రెండూ జాతి పేరు రూతమ్మా. చారలదానికి గూడ గవే. మూడోది ఉపజాతిది. గదొక్కటే మారుతది."

మూడో సీసాకు మాత్రం చీటీ లేదు. అందులోదానికి ముందు సగం చుక్కలు, వెనక సగం చారలు. ఇన్‌స్పెక్షన్ దగ్గరపడింది. ల్యాబు బాగుందని రాస్తేనే నన్ను పర్మనెంట్ చేస్తామని ప్రిన్సిపాల్ అన్నాడు.

"ఏదో ఒక పేరు రాయుండ్రి మేడం. నా నౌకరి మీదికొచ్చింది!"

"రెండు రకాలు కలిసే కాడ దొరికింది. రెండింటికీ పుట్టింది. ఎటు రాసినా అబద్ధమే."

జాతి పేరు రాసి, మూడో పేరు జాగా ఖాళీగా వదిలేసింది. ఇన్‌స్పెక్షన్‌కొచ్చినాయన ఆ ఖాళీ చూసి, పేర్లు సక్రమంగా లేవని రాసి పోయాడు. నా నౌకరి పర్మనెంట్ కాకుండా ఆగిపోయింది. ఆమెతో మాట్లాడటం మానేశాను. ఆమె మాత్రం నా కోసం ప్రిన్సిపాల్ గది ముందు నిలబడుతూనే ఉంది. "మీ మొండితనం వల్లనే గదా!" అని ఆయన అరిస్తే వరండా దాకా వినిపించింది.

మరుసటి ఏడు పాత చీటీలు ఊడిపోయాయి. కొత్తవి నన్నే రాయమంది. మూడో సీసా ముందు కలం నా చేతికిచ్చి, "నీ నౌకరి, నీ ఇష్టం" అని క్లాసుకు పోయింది. ఎంత తిట్టుకున్నానో! చుక్కల పేరు రాస్తే ఎవరికి తెలుస్తుంది? సీసాను కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. చుక్కలు. చారలు. జాతి పేరు రాసి జాగా వదిలేశాను.

ఈసారి ఇన్‌స్పెక్షన్‌కొచ్చినాయన ఖాళీ ఏమిటన్నాడు. "మధ్యలది సార్. రెండిట్ల ఏదీ కాదు." తలూపాడో, కునికాడో, ముందుకు నడిచాడు. నౌకరి వచ్చింది.

మేడం పోయి చాలా కాలమైంది. బజారులో ఆ బుట్టవాడిని, "గిదేం చేపరా?" అని అడిగాను.

"రవ్వ... బొచ్చె అనుకో అవ్వా."

"అనుకునుడేంది? తెల్వకుంటే తెల్వదను!"

కసిరి, ఖాళీ సంచితో ఇంటికొచ్చాను. ఆ పూట కూర లేదు. ఈ రోగం ఆమె అంటించిందే.