గడప దాటిన నీడ

"నీ నీడని ఎంతకి అమ్ముకున్నావే పిల్లా?"

నది అవతలి ఊళ్లో ధాన్యం వర్తకుడి తల్లి, పెరట్లో మంచం మీద నుంచి లేవకుండానే, వచ్చినామె గోళ్లకేసి చూస్తూ అడిగింది ఈ మాట. అడిగించుకున్న మనిషికి నలభై దాటాయి. పిల్లా అని పిలిపించుకుని ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తు లేదు. భుజం మీది అద్దకం బట్టల మూట ఇంకా దించనైనా లేదు.

"నేనేమీ అమ్మలేదండీ," అంది.

"అమ్మకపోతే ఎలా వచ్చింది? నడుచుకుంటూ వచ్చిందా?" అని ముసలావిడ పైకి చూపించింది. పైన ఏమీ లేదు. బోడి ఆకాశం, నడినెత్తిన సూర్యుడు. పెరడంతా మాత్రం చల్లగా, నిండు నీడ.

ఆ ఏమీ లేకపోవడమేమిటో తెలియాలంటే నదికి ఇవతలి ఊరి సంగతి చెప్పాలి.

ఇవతల ఒక పాత నగరం ఉంది. ఉంది అనడం మర్యాద కోసమే. గోడలు మోకాలెత్తు దాటవు, కప్పు అన్నది ఒక్కటీ మిగల్లేదు. ఎవరు కట్టారో తెలియదు, ఎందుకు కూలిందో తెలియదు. ఇళ్లు కూలాయి గానీ వాటి నీడలు కూలలేదు, అంతే తెలుసు. లేని బురుజు నీడ పొద్దున పడమటికి సాగుతుంది, సాయంత్రం తూర్పుకి తిరుగుతుంది. చెప్పులు కుట్టేవాడు దాని వెంట రోజంతా చాప జరుపుకుంటూ తిరుగుతాడు. లేని వసారా కింద కంసాలి, లేని కమాను కింద బడి. మన మీద ప్రేమకొద్దీ పూర్వులు ఈ నీడలు వదిలి వెళ్లారని బడిపంతులు ఏటేటా పిల్లల చేత వల్లె వేయిస్తాడు. నెత్తి మీద కప్పు కూలుతున్నవాడికి మునిమనవళ్లు గుర్తొస్తారని నమ్మాలంటే పంతులే అయి ఉండాలి.

ప్రతి నీడకీ ఒక గడపరాయి ఆధారం. ఆ రాయి ఉన్నంతకాలం నీడ ఉంటుంది. పందులదొడ్డి కట్టుకుందామని ఎవడో ఒకప్పుడు ఒక రాయిని గునపంతో పెళ్లగిస్తే అది రెండు ముక్కలైంది, మూడు దుకాణాల మీద ఎండ విరుచుకుపడింది. అప్పటినుంచీ గడప కదిపితే నీడ ఆరిపోతుందని ఊరంతా నమ్మకం. అందుకే ఎవరి గడప ఏదో వాళ్లు పైకి చెప్పరు. చుట్టూ పడి ఉన్న వేల రాళ్లలో అదీ ఒక రాయి అన్నట్టే ఉంటారు.

మన మనిషిని ఊళ్లో నీలిగోళ్లక్క అంటారు. తండ్రి అద్దకం పని చేసేవాడు, ఆయన తరవాత ఆమె. నీలిమందు బానలో ముంచీ ముంచీ గోళ్లు ఎప్పటికీ తెల్లబడకుండా పోయాయి. పెళ్లిసంబంధం వచ్చినప్పుడల్లా చేతులు చాపి చూపించేది. సగంమంది అక్కడే లేచేవాళ్లు. మిగతా సగాన్ని నోటితో లేపేసేది.

ఆమెది ఒక పెద్ద చావడి నీడ. అద్దకానికి అంతకంటే మంచి చోటు ఉండదు. ఎండ తగిలితే పసుపు పాలిపోతుంది, ఎరుపు ఇటుకరంగుకి తిరుగుతుంది. పోనీ ఇంట్లో ఆరేద్దామంటే గాలాడక బట్ట ముక్కవాసన వేస్తుంది. ఇక్కడ కప్పు లేదు, గోడ లేదు, గాలికి అడ్డం లేదు, పైగా నీడ. ఆమె ఎరుపు పదేళ్లు ఉతికినా ఎరుపే. ఆ చావడి కప్పుకి పూర్వం ఎక్కడో ఒక కంత ఉండేది కాబోలు, నీడలో మేకచెవిలాంటి వెలుగు మచ్చ ఒకటి నేల మీద పాకుతూ ఉండేది. అది గడపరాయిని తాకితే తండ్రీకూతుళ్లు చేతులు కడుక్కుని తిండికి కూర్చునేవాళ్లు. పాతకాలపు పాదాలకి అరిగి మధ్యలో పళ్లెంలా పల్లం పడిన రాయి అది. దాని మీదే కూర్చునేవాళ్లు.

గడప ఏదో తండ్రి ఆమెకొక్కదానికే చెప్పాడు. అన్నకి చెప్పలేదు. అన్న అద్దకం వదిలేసి తాపీపనిలోకి వెళ్లాడు, చేయి మంచిదని పేరు తెచ్చుకున్నాడు. తండ్రి పోయిన ఏడాది ఒకరోజు బాన పక్కన రాతి మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. "నాన్నకి నా మీద ఆ మాత్రం నమ్మకం లేకపోయింది. నేను కొడుకుని కానా?"

ఆమెకి జాలేసింది. "మరి నువ్వు కూర్చున్నదేమిటనుకున్నావు?" అంది.

ఆమె చేసిన తప్పు ఏదైనా ఉంటే అదొక్కటే.

ఆ తరవాత చాలా ఏళ్లకి, పిన్నికి బాగోలేదు, చూసి రమ్మని అన్న ఆమెని పొరుగూరు పంపాడు. వెళ్లి చూస్తే పిన్ని నిచ్చెనెక్కి గుమ్మడితీగకి పందిరి వేస్తోంది. "నాకేమయిందే? ఏ నోరు అన్నదది?" అంది. ఎవరో పొరపాటుగా చెప్పి ఉంటారని ఇద్దరూ నవ్వుకున్నారు. తిరిగొచ్చేసరికి చావడి మీద ఎండ కాస్తోంది. ఆరేసి వెళ్లిన ఎర్రబట్టలు ఇటుకరంగుకి తిరిగాయి. గడప ఉన్నచోట రాతిముక్కలు, వాటి పక్కన అన్న.

"దానంతట అదే పగిలిందమ్మా. ఎన్ని తరాల రాయి, ఏదో ఒకనాడు పోవాల్సిందేగా," అన్నాడు. ఆమె కంటే ముందు తనే ఏడ్చాడు. ఆమె ఆ ముక్కలన్నీ ఏరి, గుడ్డలో కట్టి, మంచం కింద పెట్టుకుంది.

ఒక షెడ్డు అద్దెకి తీసుకోమని అన్నే యాభై వెండికాసులు అప్పిచ్చాడు. మాట మాటే అని చెప్పులవాణ్ని సాక్షిగా కూర్చోబెట్టాడు. అన్న నీడన ఆడకూతురు బతికి బట్టకట్టిందని వీధంతా మెచ్చుకుంది. తోబుట్టువుల ప్రేమని మెచ్చుకోవడానికి మనవాళ్లకి కారణాలు అక్కర్లేదు, ఇద్దరు ఏడుస్తూ కనిపిస్తే చాలు.

షెడ్డులో గాలి ఆడలేదు. ఎరుపు మచ్చలు తేలింది. పాత గిరాకీలు మొహమాటపడుతూ తప్పుకున్నారు. అందుకే మూట భుజాన వేసుకుని నది దాటింది. మొహమాటం లేని కొత్త మనుషుల దగ్గర ఏదైనా పని దొరుకుతుందని. అలా వెళ్లిన మూడో ఇల్లే ఈ వర్తకుడిది.

ముసలావిడ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ నేల మీదికి చూసింది. మేకచెవి పాకుతోంది. పెరటి గుమ్మంలో పల్లంపడిన రాయి, చుట్టూ సున్నం నునుపుగా తీర్చి ఉంది. ఆ నునుపు ఎవరి చేతిదో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"మీ అన్నే తెచ్చి బిగించాడు. నీలిగోళ్ల చెల్లి ఉంది, దానికి ఓపిక లేదు, పని మానేస్తోంది, అమ్మేయమంది అన్నాడు. మూడొందలు లెక్కపెట్టి ఇచ్చాడు మావాడు," అంది ముసలావిడ. "రాయి ఎటు పోతే నీడ అటు పోతుందట, చిట్లకుండా తీయడం తెలియాలంతే. పెరట్లో పట్టక మిగిలిన నీడ ప్రహరీ దాటి వీధిలో పడుతోంది. ఎవరైనా నిలబడితే మా కాపలావాడు తరుముతున్నాడు, వెధవ."

ఆమె మూట దించలేదు. మేకచెవి రాయిని తాకేదాకా నిలబడి, తిరిగొచ్చేసింది.

అన్న ఇంటి మీద కొత్త పైగది లేస్తోంది. అన్న తాపీ పట్టుకుని గోడ దగ్గర ఉన్నాడు.

"మేకచెవిని చూసొచ్చాను అన్నయ్యా."

తాపీ ఆగింది. తరవాత మళ్లీ కదిలింది. "వర్తకుడి ఇంటికి నువ్వెందుకు వెళ్లావు?"

"పని అడుక్కోవడానికి."

వదిన మెట్ల మీదికి వచ్చింది. "ఒంటి ప్రాణివి, నీకు అంత నీడెందుకు చెప్పు. మాకు ఇంటినిండా మనుషులు, పడుకోవడానికి చోటు లేదు."

"అది అడిగితే నేనే ఇచ్చేదాన్నేమో వదినా. అడిగి చూడాల్సింది."

"నీకు యాభై ఇవ్వలేదా?" అన్నాడు అన్న.

"అప్పుగా ఇచ్చావు."

"ఊరికే ఇస్తే అనుమానపడేదానివి."

ఇంతకంటే నిజాయితీగా అతను ఆమెతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"మరి ఆ ముక్కలు?"

"ఏదో పునాదిరాయి. రంగు కలుస్తుందని పగలగొట్టాను."

"పెకలించి తెచ్చియ్యి."

"అది ఇక రాదు. నా చేత్తో బిగించాను. పెకలిస్తే ముక్కలవుతుంది," అన్నాడు. ఆ మాటలో పనిమంతుడి గర్వం కాస్త తొంగిచూసింది. ఆమెకి అన్నిటికంటే అది ఎక్కువ గుచ్చుకుంది.

"నీ గడప ఇక తొక్కను," అంది. "నా గడప నువ్వు మోసుకుపోయావు గనక, నువ్వు తొక్కుతావన్న బెంగ నాకూ లేదు."

వీధి రెండుగా చీలింది. రక్తసంబంధం, క్షమించెయ్యి అని పంతులు. నది దాటి వెళ్లి సుత్తితో ఒక్కటిచ్చుకో, ఎవరికీ లేకుండా పోతుంది అని చెప్పులవాడు. "నీకేం పోయింది, నీ బురుజు గడప ఎక్కడుందో చెప్పు, దాని మీద ముందు నేర్చుకుంటాను సుత్తి వేయడం," అందామె. వాడు చాప జరుపుకున్నాడు.

ఆమె క్షమించలేదు, పగలగొట్టనూ లేదు. ఎరుపు ఆరాలంటే ఆ నీడ కావాలి. ముసలావిడతో అద్దె మాట్లాడుకుంది. వారానికొకసారి తడిబట్టలు పడవలో వేసుకుని నది దాటుతుంది, పుట్టినప్పటినుంచీ తనదైన నీడకి అద్దె కట్టి ఆరేసుకుంటుంది. మంచం కింది రాతిముక్కలు ఇప్పుడు ఆ పెరట్లోనే ఉన్నాయి, గాలికి బట్ట లేవకుండా అంచుల మీద బరువుకి. ముసలావిడ పిల్లా అనడం మానలేదు. ఎరుపు మళ్లీ ఎరుపుగానే వస్తోంది.

అన్న దగ్గర తీసుకున్న యాభైలో, సంగతి తెలియకముందే ముప్పై రెండు తీర్చేసింది. మిగతాదానికి వదిన చెప్పులవాడి చేత నెలనెలా కబురు పెడుతూనే ఉంది. పద్దెనిమిది కాసులు ఇంకా బాకీ.