ఏ ఊరికీ పోని రోడ్డు మీద సైకిల్ పందెం

కార్లు పందెం వేసుకోవడానికి విడిగా ఒక రోడ్డు ఉంటుందని, అది ఏ ఊరికీ పోదని మా అమ్మాయి చెప్పేదాకా నాకు తెలీదు.

"మరెక్కడికి పోతాదే?" అన్నాను.

"మొదలెట్టిన కాడికే వస్తాదమ్మా."

ఆ మాట నాకు నచ్చింది. అందుకే చెన్నై రావడానికి ఒప్పుకున్నాను.

మాది కళింగపట్నం దగ్గర, సముద్రం ఒడ్డునే. మగవాళ్ళు వేటకెళ్తారు. మాకు వేటంటే చేపలవేటే. ఆడవాళ్ళం తట్ట నెత్తిన పెట్టుకుని అమ్ముకొస్తాం, మిగిలినవి ఇసకలో ఎండేస్తాం. మా అమ్మాయి కాలేజీకి రోజూ శ్రీకాకుళం దాకా సైకిల్ మీదే పోయి వచ్చేది. బస్సులో వచ్చే పిల్లలు ఇంకా రోడ్డు మీద ఉండగానే అది ఇంట్లో కాళ్ళు కడుక్కునేది. ఆ కాలేజీలో ఆటల మాస్టారు చూసి, ఎవరినో అడిగి మంచి సైకిల్ ఇప్పించి పందేలకి తిప్పడం మొదలుపెట్టారు. ఆయన రాజాం వైపు రైతుల ఇంటి మనిషి, మెత్తగా మాట్లాడతారు.

పిల్ల గెలిచింది. కొన్నిచోట్ల ఓడింది కూడా. మొత్తానికి దూరంగా ఉన్న ఒక శిక్షణ కేంద్రం వాళ్ళ కన్ను దాని మీద పడింది. మా దగ్గరే ఉంచుకుని తిండి పెట్టి నేర్పిస్తాం, పంపండి అన్నారు. పిల్లకి నిద్ర పట్టడం మానేసింది. ఒప్పుకోవాల్సింది నేను.

"ముందు సూస్తాను. సూసి సెప్తాను," అన్నాను. ఎలాంటి రోడ్డు మీద తిప్పుతారో, వెళ్ళిన పిల్ల తిరిగి వస్తుందో రాదో కళ్ళతో చూడకుండా మాట ఇవ్వలేను. మా ఇంట్లో ఒక మనిషి వెళ్ళి ఉన్నాడు.

మా ఆయన వేటకెళ్ళినప్పుడు పిల్లకి ఇంకా పాలపళ్ళు ఊడలేదు. తెప్ప విరిగి ఒడ్డుకి కొట్టుకొచ్చింది, మనిషి రాలేదు. ఇప్పుడు ఇలా రాశాను గానీ ఈ మాట మా వీధిలో అనరు. సముద్రం మీదకి వెళ్ళిన మనిషిని రాలేదు అనకూడదు. ఎవరడిగినా వస్తన్నాడు అనాలి. పొద్దు వాలినా, మర్నాడైనా అంతే. రాలేదన్న మాట నోట్లోంచి వస్తే సముద్రం విని, సరే అయితే, అని ఉంచేసుకుంటుందట. మా అత్త ఏళ్ళ తరబడి వస్తన్నాడన్న మాట మీదే కూర్చుంది. గ్రామ సచివాలయం నుంచి ఒకాయన వితంతు పింఛను సంగతి అడగడానికి వచ్చి, మీ అబ్బాయి ఎప్పుడు పోయాడమ్మా అంటే, "వస్తన్నాడు" అంది. ఆయన గడపలో నిలబడి బుర్ర గోక్కున్నాడు. "వస్తన్నోడి పెళ్ళానికి నేనెలా రాస్తానే మామ్మా?" అని నవ్వేసి వెళ్ళిపోయాడు.

కాబట్టి మా ఇంట్లో ఆయన ఎప్పుడూ దారిలోనే ఉన్నాడు. దారిలో ఉన్న మనిషికి అన్నం ఉంచాలి. అత్త గిన్నె మీద మూత పెట్టేది. తెల్లారాక ఆ చద్దన్నం నేను తినేదాన్ని. దినవారాలు జరగలేదు. నా బొట్టు నాకే ఉంది. మధ్యాహ్నాలు చేపలు తిరగేస్తుంటే వెనక తడి కాళ్ళ అడుగు పడ్డట్టు ఉండేది. తిరిగి చూసేదాన్ని కాదు. చూస్తే ఎవరూ ఉండరని కాదు, ఎవరైనా ఉంటే ఏం చెయ్యాలో తెలీక.

ఆముదాలవలసలో రైలెక్కాం. ఆడపిల్లలతో ఒక ఆడమనిషి ఉండాలని మాస్టారు నన్నే పెద్దదిక్కు చేశారు. నేను దారికని నెత్తళ్ళు అనే చిన్న ఎండుచేపలు వేయించి తెచ్చాను.

"ఆ సంచి ఇప్పకమ్మా. బోగీ అంతా దిగిపోతాది," అంది మా అమ్మాయి.

"దిగితే మంచిదే, కాళ్ళు సాపుకుంటాం," అంది దాని పక్కపిల్ల. ఒంగోలు దాటేసరికి సంచి ఖాళీ అయింది.

ఆ రోడ్డు చెన్నై ఊరి బయట ఎక్కడో ఉంది. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి, కూతురి పాత పుస్తకాల్లోంచి. అప్పటినుంచి కనబడిన ప్రతి బోర్డూ చదవడం అలవాటు. ఇక్కడ బోర్డులన్నీ అరవం. అంకెలు ఒక్కటే నావి. పిల్లల వీపుల మీద అంకెలున్నాయి, మా అమ్మాయిది ముప్పై ఆరు.

కార్లు లేని రోజున ఆ బాటని సైకిళ్ళకి ఇస్తారట. "ఎదురుగా ఏదీ రాదమ్మా. లారీ రాదు, గేదె రాదు. పిల్లలు కిందా మీదా సూసుకోకుండా తొక్కొచ్చు," అన్నారు మాస్టారు. నిజమే. గొయ్యి లేదు, రాయి లేదు. నున్నగా, వెడల్పుగా, వంపులు తిరిగి పడుకుని ఉంది. పక్కన టీకొట్టు లేదు. ఒక ఇల్లు లేదు. కార్లు లేకపోయినా రబ్బరు కాలిన వాసన మాత్రం ఉంది. తారు మీద నల్లటి చారలు. కొన్ని రోడ్డుతో పాటు వంపు తిరిగాయి. కొన్ని తిరగకుండా తిన్నగా అంచు దాటి గడ్డిలోకి పోయాయి. వాటి కొసన పాత టైర్లు గోడలా పేర్చి ఉన్నాయి. ఆ తిన్నగా పోయిన చారలు చూడకుండా ఉండలేకపోయాను.

జనం కూర్చోవడానికి వేలమందికి సరిపోయే మెట్లున్నాయి. మేం ఒక గుప్పెడుమందిమి.

జెండా ఊపారు. పిల్లలంతా ఒక ముద్దలా కదిలారు. ఎదర ఒక చిన్న మిట్ట ఉంది. దాని వెనక రోడ్డు చాలా దూరం చుట్టి మళ్ళీ ఇటు వస్తుంది, ఆ భాగం మెట్ల మీదకి కనబడదు. పిల్లలు మిట్ట ఎక్కారు, అటు దిగారు, రోడ్డు ఖాళీ అయిపోయింది. గాలి ఒక్కటే మిగిలింది. మా ఒడ్డున అయితే ఒకసారి వెళ్తారు, ఒకసారి వస్తారు. ఇక్కడ పిల్ల వెళ్తుంది, వస్తుంది, నేను చూసేలోపు మళ్ళీ వెళ్తుంది. ఒక్క పొద్దుటిలో ఎన్నిసార్లు ఆ ఒడ్డున నిలబడ్డానో.

వచ్చినప్పుడల్లా ముందు ఒక సర్రుమనే చప్పుడు వినబడేది, వల నీళ్ళలోంచి లాగినట్టు. తరవాత రంగులు. అందులో ముప్పై ఆరు. మా అమ్మాయి నా వైపు చూసేది కాదు. పళ్ళు బయటపెట్టి తొక్కేది. ఆ మొహం నాకు కొత్త. వాళ్ళ నాన్న తెప్పని కెరటం దాటించేటప్పుడు అలాగే పెట్టేవాడు.

శిక్షణ కేంద్రం నుంచి వచ్చిన మేడమ్ నా పక్కకొచ్చి కూర్చుంది. "ముందు ఐదుగురిలో ఉంది. గెలవకపోయినా మేం తీసుకుంటాం. మీరు ఊ అంటే చాలు," అంది. నేను మిట్ట వైపే చూస్తున్నాను.

ఎండ ఎక్కింది. తారు మీద దూరంగా నీళ్ళు నిలిచినట్టు మెరవడం మొదలుపెట్టింది. పిల్లలు మళ్ళీ మిట్ట దాటారు. ఆ ఖాళీలో, రోడ్డు చుట్టి వచ్చే వైపు నుంచి ఒక మనిషి నడిచి వస్తూ కనిపించాడు. మోకాళ్ళ కింద కాళ్ళు లేవు. నీళ్ళలో నడుస్తున్నట్టు వస్తున్నాడు, తొందర లేకుండా. ఆ నడక నాకు తెలుసు. లేచి నిలబడ్డాను. ఇన్నేళ్ళూ అన్నం మూతపెట్టింది ఈ మనిషికే. ఇక్కడికి వచ్చాడన్నమాట, ఏ ఊరికీ పోని రోడ్డు మీదకి.

దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు మొలిచాయి. ఒంటి మీద నారింజరంగు చొక్కా. వెనక వంపు దగ్గర కాపలా ఉండాల్సిన కుర్రవాడు, నీళ్ళ సీసా నింపుకోవడానికి వచ్చాడు.

నేను ఇంకా నిలబడే ఉన్నాను. పిల్లలు వచ్చారు. ముందువాళ్ళు, వెనకవాళ్ళు, ఒంటరిగా ఈదులాడుతూ వచ్చిన చివరి పిల్ల. ముప్పై ఆరు లేదు.

గీత దగ్గర గొడుగు కింద కూర్చున్న పెద్దాయన చేతిలో మాట్లాడే పెట్టె ఉంది. ఆయన కిందున్నాడు, నేను పై మెట్టు మీదున్నాను, నాకే దూరం కనబడుతుంది. ఆయనకి కాస్త తెలుగొచ్చు. తల పైకెత్తి అడిగాడు.

"అమ్మా, ముప్పై ఆరు మీ పాపే కదా? వస్తోందా?"

"వస్తన్నాదయ్యా," అన్నాను.

నేను ఆలోచించి అన్నది కాదు. మా వీధిలో ఎవరిని లేపి అడిగినా అదే అంటారు. ఆయన పెట్టెలో ఏదో చెప్పాడు. పడ్డవాళ్ళని తేవడానికి పక్కన ఉంచిన జీపు, అప్పుడే ఇంజను వేసింది, మళ్ళీ ఆపేసింది.

జీపు ఎందుకు ఆగిందో నాకు వెంటనే అర్థమైంది. నోరు మాత్రం తెరుచుకోలేదు. అనాల్సిన మాట ఒక్కటే, అది ఇన్నేళ్ళుగా నేను అనని మాట. అంటే ఎవరు వింటారో నాకు తెలుసు. సముద్రం ఇక్కడికి ఎంత దూరమో తెలీదు, గాలిలో ఉప్పయితే ఉంది. పిల్లలు మరోసారి వచ్చారు, సర్రుమని, వెళ్ళిపోయారు. అందులోనూ లేదు.

"రానేదు," అన్నాను.

ఎవరూ వినలేదు. మెట్లు దిగాను. దిగుతూ మళ్ళీ అన్నాను, గట్టిగా. "మాస్టారూ, మా గుంట రానేదు. నాను తప్పు సెప్పినాను. రానేదు." మాస్టారు నా మొహం చూసి జీపు వైపు పరిగెత్తారు.

జీపులో తెచ్చారు దాన్ని. మోచేయి నుంచి మోకాలి దాకా చర్మం లేచిపోయి ఉంది, భుజం ఎముక విరిగింది. స్పృహలోనే ఉంది. గుడారంలో పడుకోబెట్టి కట్టు కడుతుంటే పైకి చూస్తూ మాట్లాడింది.

"ఎవులో ఒకలు వస్తారని సూసినాను. అందరూ పక్కనుంచే పోయినారు. పందెం కదా, పోతారు. కాపలా కుర్రోడు లేడు. జీపు సప్పుడు వినబడ్డాది, మళ్ళీ ఆగిపోనాది." అప్పుడు నన్ను అడిగింది. "ఏటి సెప్పినావమ్మా ఆళ్ళకి?"

"వస్తన్నాదని సెప్పినాను."

అది ఆ ఇంట్లో పెరిగిన పిల్ల. విడమరిచి చెప్పాల్సిన పని లేదు. తల నా వైపు తిప్పింది.

"అయ్యకీ ఇలాగే సెప్పినారా?"

నేను దాని నుదుటి మీది దుమ్ము తుడిచాను.

"ఒడ్డు మీద ఎవులైనా అడిగినారా లేదా? మీ ఓడు వచ్చినాడా అని?"

"అడిగినారు."

"మామ్మ ఏటంది?"

"నీకు తెల్దా ఏటంటాదో."

"అయితే ఎతకడానికి ఎవులూ ఎల్నేదా?"

"ఎల్నారే," అన్నాను. "మర్నాడు ఎల్నారు."

అది కళ్ళు మూసుకుంది. కట్టు కట్టే అమ్మాయికి మా మాటలు రావు, నొప్పి అనుకుని మెల్లగా, మెల్లగా అని ఊరడించింది. నాకు ఆ రోజు ఒడ్డున కూర్చున్న మగవాళ్ళంతా ఒక్కొక్కరే కనబడ్డారు. బీడీలు కాల్చుకుంటూ, వస్తున్న మనిషి కోసం కూర్చున్నవాళ్ళు.

పందెం అయిపోయింది. ఎవరు గెలిచారో గుర్తులేదు. మేడమ్, మాస్టారు నా దగ్గరకి వచ్చారు. మేడమ్ మొహం వాడిపోయి ఉంది. ఇంక ఈమె పిల్లని పంపదు అనుకున్నట్టుంది. ఎముక అతుక్కుంటుందని, మళ్ళీ తొక్కగలదని చెప్పింది. నా మాట కోసం ఆగింది.

"పిల్ల పడ్డ కాడికి నన్ను తీసుకెళ్ళండి. సూసి సెప్తాను," అన్నాను.

జీపు తెమ్మంటే వద్దన్నాను. నడిచాం ముగ్గురం. మిట్ట ఎక్కాం, అటు దిగాం. పొద్దుటినుంచి నాకు కనబడని రోడ్డు అది. అక్కడ ఏముందని అంత భయపడ్డానో అదేమీ లేదు. అదే తారు, అదే ఎండిన గడ్డి. వంపు దగ్గర ఎరుపూ తెలుపూ వేసిన గట్టు, దాని మీద సైకిల్ గీసుకున్న మరక. ఇంకొంచెం అవతల తారు మీద నెత్తురు, అప్పటికే నల్లబడింది. చీమలు పట్టాయి.

అక్కడ కూర్చున్నాను. చెయ్యి పెట్టి చూశాను, తారు కాలుతోంది. ఇక్కడ పడింది. ఇటు జరిగింది. ఈ గడ్డి పట్టుకుని లేవడానికి చూసింది, వేర్లతో సహా ఊడి వచ్చింది గడ్డి. అన్నీ కనబడుతున్నాయి. నేను ఏడుస్తున్నది పిల్ల కోసం అనుకుని మాస్టారు గొంతు సవరించుకున్నారు. పిల్ల బాగానే ఉంది. ఇంకొక మనిషి కోసం ఇలా కూర్చోవడానికి నాకు చోటు ఎక్కడా లేదు. నీళ్ళు ఏ చోటూ ఉంచవు.

చాలాసేపటికి లేచాను.

"తీసుకెళ్ళండి," అన్నాను మేడమ్‌తో. "ఒకటే మాట. ఏ పూటయినా గుంట తిరిగి రాకపోతే, రాలేదని సెప్పాల. నాకు బాధ కలుగుతాదని ఆపకూడదు. ఎవులడిగినా అదే సెప్పాల."

ఆమె తలూపింది. ఎందుకని అడగలేదు.

"మీ అత్తగారిని అడగక్కర్లేదా అమ్మా?" అన్నారు మాస్టారు.

"అడిగితే, ఆడు వస్తన్నాడు కదే, ఆడినడుగు అంటాది."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. నేను మా ఆయన దినవారాల సంగతి అడిగాను, మనిషి దొరక్కపోతే దర్భలతో మనిషిని చేసి దహనం చేస్తారంటారు, ఆ పద్ధతి తెలిసిన బ్రాహ్మలు మీ రాజాంలో ఎవరైనా ఉన్నారా అని. ఉన్నారు, నేను మాట్లాడతాను అన్నారు. వచ్చిన దారిన వెనక్కి పోతే దగ్గరే. అయినా ముగ్గురం అలా ముందుకే నడిచాం, మిగిలిన వంపు కూడా చూద్దామని.