అమ్మ చేతుల కింద మిషను లేని బొమ్మ

మా చిన్నప్పుడు, గల్ఫ్‌లో, వాడి కబీర్ అనే పేటలో... కాలింగ్ బెల్ మోగితే అమ్మ తలుపు దగ్గరికి వెళ్ళేది కాదు. ముందు కుట్టు మిషను మీద దుప్పటి కప్పేది... తర్వాతే గడియ తీసేది.

అమ్మది ఫ్యామిలీ వీసా. దాని మీద పని చేయకూడదు. అయినా చుట్టుపక్కల తెలుగువాళ్ళ జాకెట్లన్నీ మా ఇంట్లోనే కుట్టేది. తన కంపెనీకి తెలిస్తే మా అందరినీ మన దేశానికి పంపేస్తారని నాన్న భయం. ఆ భయం మా అందరికీ అంటుకుంది.

ఐదో తరగతిలో డ్రాయింగ్ టీచర్ ఒక పుస్తకం చూపించింది... పోస్ట్ ఇంప్రెషనిస్టులట, ఫ్రాన్స్‌లో బొమ్మలేసేవాళ్ళు. అన్నీ ఇంట్లో బొమ్మలే. గోడ మీద పూలు, పరదా మీద పూలు, గౌను మీద పూలు... వాటి మధ్య కుట్టుకుంటున్న మనిషిని వెతుక్కోవాలి. మీ ఇల్లు కూడా ఇలాగే వేయండి, గోడకు పెడదాం, అమ్మానాన్నలు వచ్చి చూస్తారు అంది.

నేను అమ్మను వేశాను. పూల నైటీలో, మిషను మీద వంగి... దండెం నిండా జాకెట్లు. భలే కుదిరిందని మురిసిపోయాను.

నాన్న డ్యూటీ నుంచి వచ్చి చూశాడు. లేచి తలుపు గడియ వేసి ఉందో లేదో చూసి వచ్చాడు. వాళ్ళ మేనేజర్ పిల్లలదీ మా స్కూలే.

"మిషను తీసెయ్ బిడ్డా. దాని మీద పూలు వెయ్యి."

మిషను మీదా జాకెట్ల మీదా పూలు వేశాను. అమ్మ చాలాసేపు చూసింది.

"మరి నా చేతులేం చేస్తున్నయే?"

 

బొమ్మలు గోడకు పెట్టిన రోజు స్కూల్లో టీచర్ అమ్మకు ఆ బొమ్మ చూపించి, "మీ అమ్మాయి మిమ్మల్ని ఎంత తీరిగ్గా కూర్చోబెట్టిందో" అని మెచ్చుకుంది. పొద్దున్నే లేచి రెండు జాకెట్లకు హుక్కులు కుట్టి వచ్చిన అమ్మ తలూపి నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు నేను అదే ఊళ్ళో, బౌషర్‌లో ఉంటున్నాను. ఆడవాళ్ళు కుట్టిన జాకెట్లు, వాళ్ళ పేర్లతో సహా, రోజూ ఫోన్లో కనిపిస్తాయి... సంతోషమే, కానీ కుదురుగా చూడలేను. మా అమ్మ పని చేస్తుండగా తీసిన ఫొటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. తీయనిచ్చేవాళ్ళం కాదు...

మీ అమ్మ పనిలో ఉన్న ఫొటో ఉంటే కింద పెట్టండి. చేతులు కనిపించేది.