ప్యురెజా అత్త పసుపు మాత్ర

ప్యురెజా అత్త మనిషి కళ్లు చూసి మాట్లాడదు, పెదవుల మూలలు చూసి మాట్లాడుతుంది. ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో మా వీధిలో ఎవరి పెదవి చిట్లినా ముందు ఆమెకు తెలిసేది, తరవాతే ఆ పెదవి గలవాళ్లకు.

ఆరోగ్య కేంద్రంలో నర్సుగా రిటైరైన ఒంటి మనిషి. మా అక్క పెళ్లిలో వరుడు ప్రమాణం చేయడానికి నోరు తెరవగానే ముందు వరసలోంచి, "గుడ్లూ ఆకుకూరలూ తినవా బాబూ?" అంది.

"తింటానండీ" అన్నాడతను కంగారుగా.

ప్రమాణం అయిపోయిందనుకొని వెనకవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆమె నోట ఎప్పుడూ ఒకటే మందు, రైబోఫ్లేవిన్ అనే పసుపు రంగు బి2 విటమిన్ మాత్ర. అది తక్కువైతే పెదవుల మూలలు పగులుతాయట. వెలుతురు తగిలితే చెడిపోతుందని ఆ మాత్రల సీసాను నగలకన్నా భద్రంగా బీరువాలో పెట్టేది.

ఒకరోజు ఆటో నడిపే దొడొంగ్ పరుగెత్తుకొచ్చాడు. "అత్తా, నా పనైపోయింది. ఒంటేలు నిమ్మపండు రంగులో వస్తోంది."

"ఏం కాదురా. ఒళ్లు తనకు కావలసింది ఉంచుకొని మిగతాది పంపేసింది. ఆ పసుపు మాత్రలు ఎన్ని మింగావు?"

దొడొంగ్ గుప్పిట చూపించాడు.

"గుప్పెడు మింగితే గుప్పెడు బలం రాదు. డాక్టరు చెప్పినన్నే వెయ్యి. వేరే మందులు వాడుతుంటే ఆయనకు ముందే చెప్పు."

వలలు బాగుచేసే టెబాన్ తాత దగ్గర మాత్రం ఆమె ఆటలు చాలా కాలం సాగలేదు. భార్య పోయాక అన్నం, ఎండుచేప తప్ప ఆయన ఇంకేదీ ముట్టలేదు. పెదవులు రెండు పక్కలా పగిలి, మనిషి సగమైపోయాడు. పక్కింటివాళ్లు పులుసు పంపితే, "నా పెళ్లాం పోయింది గాని చేతులు పోలేదు" అని గిన్నె తిప్పి పంపాడు.

ప్యురెజా అత్త ఆయన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరు తిండి చాలడం లేదన్నాడు, మాత్రలూ రాశాడు. తిరిగొస్తూనే అత్త మొదలుపెట్టింది.

"అన్నా, ఇది వట్టి కడుపున సరిగా పట్టదు. భోజనంతో, నా కళ్లెదుటే వెయ్యాలి."

"మా ఇంట్లో తినే వేసుకుంటాను."

"ఎండుచేపతో లాభం లేదు. గుడ్డు, కార్జం, ఆకుకూర ఉండాలి. నర్సును నేనా, నువ్వా?"

తాత సణుగుతూనే రోజూ మధ్యాహ్నం ఆమె ఇంటికి భోజనానికి వెళ్లాడు. పెదవులు మానాయి. బుగ్గలు నిండాయి. వీధిలోవాళ్లతో కబుర్లు కూడా మొదలయ్యాయి.

చాలా రోజుల తరవాత ఆమె పెనం తిరిగివ్వడానికి వెళ్లాను. తాత అప్పుడే తిని వెళ్తున్నాడు. మందు సీసా మాత్రం బీరువాలోంచి బయటికే రాలేదు.

"అత్తా, మాత్ర ఇవ్వడం మరిచిపోయావు."

"డాక్టరు ఎప్పుడో ఆపమన్నాడు. ఒక పిప్పరమెంటు బిళ్ల ఇస్తున్నాలే. గట్టిగా అనకు, తెలిస్తే భోజనానికి రాడు."

నవ్వాపుకొని బయటికొచ్చాను. తాత తన గుమ్మంలో వల ముందేసుకొని కూర్చున్నాడు.

"మందు పనిచేస్తోందా తాతా?"

ఆయన అత్త ఇంటివైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "మందేమిటే, పిప్పరమెంటు. ఆ మాట ప్యురెజాతో అనకు. నేను మానేస్తే పాపం ఒక్కతే కూర్చుని తినాలి."