టేపు చిరిగిన డబ్బాలు

కేంబ్రిడ్జ్‌లో చదువుకునే రోజుల్లో నా నోట ఎప్పుడూ ఒకటే మాట: "నాకు తెలుసులే." బస్సు ఎప్పుడొస్తుందో తెలుసు, మంచు ఎప్పుడు కురుస్తుందో తెలుసు. ఇక మూడుసార్లు షేర్లు కొని మూడుసార్లూ లాభానికి అమ్మాక నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఆ లాభాలన్నీ కలిపితే ఒక పూట బిర్యానీకి వచ్చాయి. అయినా బేస్‌మెంట్‌లో నాతో ఉండే తెలంగాణ అమ్మాయి నన్ను "మార్కెట్ మేడమ్" అనడం మొదలుపెట్టింది. వెక్కిరింపేనని తెలిసినా లోలోపల మురిసిపోయేదాన్ని.

శుక్రవారాలు వేర్‌హౌస్‌లో పనిచేసేదాన్ని. మొదటి రోజు సూపర్‌వైజర్ ఏదో వివరించబోతే, తెలుసులే అన్నట్టు తల ఊపేశాను. లారీలోంచి దిగిన డబ్బాలు స్కాన్ చేయడం, టేపు చిరిగినవాటికి కొత్త టేపు వేయడం, అంతే కదా! కొన్ని వారాలకు ఒకే కంపెనీ కాఫీ మెషిన్లు దిగడం ఎక్కువైంది. మొదట ఒక లారీ, తర్వాత మూడు. ఇంత గిరాకీ ఉందని లోకంలో నాకొక్కదానికే తెలిసినట్టు పొంగిపోయాను. వేసవంతా కష్టపడి దాచిన రెండో సెమిస్టర్ ఫీజు మొత్తం ఆ షేర్లలో పెట్టేశాను. గడువులోపు రెట్టింపవుతుందని ధీమా.

ఒక శుక్రవారం లంచ్‌లో ఫోన్ తీస్తే షేరు సగానికి పడిపోయి ఉంది. భయపడ్డానా? అబ్బే! చవగ్గా దొరుకుతోందని సంబరపడి రూమ్మేట్‌కి ఫోన్ చేశాను. పాత కారు కొనాలని తను పైసా పైసా కూడబెట్టుకుంటోంది.

"కారు డబ్బులు ఇందులో పెట్టేయ్. కొత్త కారే కొనుక్కోవచ్చు."

"నిజంగనా అక్కా? బస్సుల ఉన్న. ఇంటికి పోంగనే పెడ్త."

ఎదురుగా పులిహోర తింటున్న ఆంటీ అంతా విన్నారు. గుంటూరు వైపావిడ, అక్కడ అందరికంటే సీనియర్. ఏ కంపెనీ అని అడిగితే పేరు చెప్పి, ఒక్క శుక్రవారమే మూడు లారీలు దిగుతున్నాయని గొప్పగా చెప్పాను.

ఆవిడ చెంచా కింద పెట్టేశారు. "ఓసి పిచ్చిదానా! మనది రిటర్న్స్ సెక్షన్ కదే! బాగాలేవని జనం తిప్పి పంపినవే అవన్నీ. కొత్త డబ్బాకి టేపు ఎందుకు చిరుగుద్ది?"

ఆ చిరిగిన టేపుల మీద ఇన్నాళ్ళూ కొత్త టేపు వేసింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. అంతలో రూమ్మేట్ కారు డబ్బులు గుర్తొచ్చాయి. రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది.

"ఆగు అక్కా, పాస్‌వర్డ్ మర్చిపోయిన. మళ్ళ కొడుతున్న."

"కొట్టకు! నాకేం తెలియదే! నేనే నిండా మునిగాను."

తను విరగబడి నవ్వింది. నవ్వాపుకుని, "మరి నీ ఫీజు?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది.

షేర్లు అమ్మితే సగం ఫీజు వచ్చింది. మిగతా సగం రూమ్మేట్ తన కారు డబ్బుల్లోంచి కట్టింది. ఆ చలికాలమంతా ఇద్దరం బస్‌స్టాప్‌లో వణుకుతూ నిలబడ్డాం.

"మార్కెట్ మేడమ్, బస్సు ఎప్పుడొస్తది?" అని రోజూ అడిగేది.

"నాకు తెలియదే తల్లీ!" అనేదాన్ని. నేను తన బాకీ తీర్చాక తను కారు కొనుక్కునేదాకా ఆ ప్రశ్న మానలేదు.