పదడుగుల దూరంలో గోడ

కోదండరాం గురించి నేను మంచిగా రాస్తే నమ్మకండి. సౌకార్‌పేటలో మా టార్చిలైట్ల అంగడికి ఎదురుగానే వాడి అంగడి. ఇరవై ఏళ్లుగా వాణ్ణి చూసి కుళ్ళుకుంటూనే ఉన్నాను. నాది మూడు షట్టర్ల అంగడి. వాడిది మనిషి పక్కకు తిరిగి దూరాల్సిన అర. అయినా జనం వాడి దగ్గరే నిలబడతారు.

వాడు ఒకప్పుడు మా నాయన దగ్గర పనిచేసినవాడే. పాత టార్చి ఎవరు తెచ్చినా విప్పి, లోపలి ఎల్‌ఈడీ పీకేసి, ఆ మనిషి పనికి సరిపోయే ఇంకో తరం ఎల్‌ఈడీని టంకంతో అతికించి ఇస్తాడు. ఒక చెక్క మీద బాగా పాతదాని నుంచి కొత్తదాని దాకా ఐదు తరాల ఎల్‌ఈడీలు వరసగా బిగించి పెట్టాడు. అన్నిటికీ ఒకే కరెంటు ఇస్తే మొదటిది నీలంగా, నీరసంగా వెలుగుతుంది. వరసలో ముందుకు పోయేకొద్దీ వెలుతురు పెరుగుతుంది, చివరిది పొద్దుటి ఎండలా ఉంటుంది. ఆ చెక్కను చూడ్డానికి కాలేజీ పిల్లలు కూడా వస్తారు. నేనూ అలాంటిదే చేయించి వాకిట్లో పెట్టాను. ఎవడూ చూళ్ళేదు.

పోయిన నెల చేపల రేవు కాశిమేడు నుంచి పడవల సంఘం పెద్ద కన్నియప్పన్ వచ్చాడు. నలభై పడవలకు టార్చిలు కావాలట. వలకు కట్టే బెండ్లు చీకట్లో దూరం నుంచే కనబడాలన్నాడు. నాయన ఉన్నన్నాళ్ళూ ఆ సంఘం మా అంగడిదే. ఆయన పోయాక కోదండరాం వైపు తిరిగింది. ఈసారి మా ఇద్దర్నీ టార్చిలు చూపించమన్నాడు. నాకు ఆ పనికంటే, నాయన పేరు మళ్ళీ మా గుమ్మంలోకి రావడమే కావాలి.

మా సందులో టార్చి పరీక్ష అంటే ఎదురు గోడ మీద వేసి చూడటమే. సందు వెడల్పు పదడుగులు. నేను ఈ ఏడాది వచ్చిన కొత్త తరం టార్చి వేశాను. పైమేడ కిటికీతో సహా గోడంతా తెల్లబడింది. కోదండరాం చెక్క మీది మూడో తరం ఎల్‌ఈడీని, అంత పాతదాన్ని, ఒక టార్చిలో బిగించుకొచ్చాడు. గోడ మీద పళ్ళెమంత గుండ్రం, అంతే. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

వాడు టార్చి ఆర్పాడు. "ఈడ చాల్లే వెంకట్రామన్నా. సముద్రం కాడికి పోయి చూద్దాం" అన్నాడు.

ఆ సాయంత్రం పొద్దుగుంకాక ముగ్గురం హార్బరు గట్టు మీద నిలబడ్డాం. కన్నియప్పన్ దూరంగా నీళ్ళలో ఒక బెండు వేయించాడు. నా టార్చి వేస్తే వెలుతురు నీళ్లంతా పరుచుకుంది. దగ్గరి పడవలు, తాళ్ళు, గట్టు మీది కుక్క, అన్నీ కనబడ్డాయి, బెండు తప్ప. కోదండరాం వేశాడు. వాడి పాత ఎల్‌ఈడీలో వెలిగే బిళ్ళ చిన్నది, నాదానిలోది పెద్దది. అందుకే రిఫ్లెక్టరు నాదాని సైజే అయినా, వెలుతురు చెదరకుండా సన్నగా, సూటిగా పోయింది. బెండు కనబడింది. కన్నియప్పన్ కోదండరాం భుజం మీద చెయ్యి వేశాడు.

ఓర్వలేకపోయాను. ఇదంతా నీకెవరు నేర్పారని అడిగాను.

"మీ నాయనేనన్నా. టార్చిని మన గోడ మీద చూసి ఇయ్యొద్దురా, వాళ్ళు వాడే చోటికి పొయ్యి చూడు అని ఆయన అంటా ఉండె. ఆదివారం ఆదివారం నన్ను ఈడికే పిల్చుకొస్తా ఉండె."

అంగడి నాకిచ్చి విద్య వాడికిచ్చాడా నాయన అని ఏడుపొచ్చింది. ఆ మాట పైకే అనేశాను.

కోదండరాం టార్చిని జేబులో పెట్టుకున్నాడు. "నిన్ను గూడా పిలుస్తా ఉండె గదన్నా. నువ్వు రావని తెలిసినా, మీ మేడ మెట్ల కింద కొంచేపు నిలబడి నీ కోసం చూసే బయల్దేరతా ఉండె."

నిజమే. చేపల కంపు అని నేను మేడ దిగేవాణ్ణి కాదు. కిటికీలోంచి చూస్తే నాయనా వాడూ టార్చిల సంచి చెరో పక్కా పట్టుకుని సందు మలుపు తిరుగుతూ కనబడేవారు. అదంతా గుర్తొచ్చాక కూడా, ఆ గట్టు మీద నాకు కోపమొచ్చింది వాడి మీదే.