సున్నా గళ్లు చెరపమంటే

పాత కంప్యూటర్ చేసే పనులన్నీ కొత్తదాని చేత అచ్చంగా అలాగే చేయించే ప్రోగ్రాం ఒకటి మా మనవరాలు సరోజ రాసింది. రిటైరైన లెక్కల టీచర్ని కనుక వరుసవరుసా చూసి టిక్కు పెట్టింది నేనే.

ఈ రోజు తిరుపతిలో సరోజ కాలేజీకి నగరి నుంచి మునిలక్ష్మి వచ్చింది. ఆమె భర్త పోయిన నెల చనిపోయాడు. పాత మిషను కోసం అతను రాసిన ప్రోగ్రాం నడిపితే ముందుగా అతని పేరే తెర మీద పడుతుంది. అది చూడాలని వచ్చింది. ఆ ప్రోగ్రాం ఉన్న పాత కాగితపు టేపు కంప్యూటర్ చేత చదివించడం అవుతూనే చిరిగి ముక్కలైంది. ఇక మిగిలింది కంప్యూటర్ మెమరీలోకి ఎక్కినదే.

సరోజ నడిపింది. తెర ఖాళీగానే ఉండిపోయింది.

"ఆయన పేరు యాడ పడతాదమ్మా?" అని అడిగింది మునిలక్ష్మి.

సరోజ నావైపు తిరిగింది. "అవ్వా, మెమరీలో సున్నా గళ్లు చెరపమని, అంటే ఒక్కటీ చెరపొద్దని, ఆయన ప్రోగ్రాంలో ఆర్డరు వచ్చింది. పాతదైతే ఊరికే ఉంటాది. మనది ముందు ఒకటి చెరిపి, ఆనెక లెక్క చూసింది. లెక్క సున్నా దాటి కిందికి పోయినాక యాడా ఆగలేదు. అంతా తుడిచేసింది."

"పోనీలే పాపా. ఆయన ఉన్నప్పుడూ పిలిస్తే పలికినోడు కాదు" అంది మునిలక్ష్మి, తెర మీంచి చూపు తిప్పకుండానే.

సరోజ ప్రోగ్రాంలో ఆ వరుస పక్కన నా ఎర్ర టిక్కు ఉంది. సున్నా దగ్గర తప్పు చేసిన పిల్లల అరచేతులు ముప్పై ఏళ్లు వాయించినదాన్ని. మీలో వాళ్లెవరైనా ఉంటే రండి, ఈసారి అరచెయ్యి నేను చాపుతా, బెత్తం ఇంకా ఇంట్లోనే ఉంది.